జటాయువు, మా గౌరి, ఒక సూదిమందు

జటాయువు వీడియో చూసి ఒక తల్లి ఇలా అడిగారు: "మా బాబు రాబందుని చూపించమంటున్నాడు, ఎక్కడికి తీసుకెళ్ళి చూపించమంటారు?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ జవాబులో మా ఇల్లు కూడా ఉందేమోనని నా అనుమానం.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో గొడ్డు చనిపోతే ఊరి బయట బీడులో వేసేవారు. కాసేపటికి ఆకాశంలో చుక్కలు కనిపించేవి, చూస్తుండగానే పెద్దవయ్యేవి. మర్నాటికి ఎముకలే మిగిలేవి. కుళ్ళు వాసన ఊళ్ళోకి వచ్చిన గుర్తు లేదు. రాబందు ఇంటి మీద వాలితే అపశకునమని మా నానమ్మ మా చేత రాళ్ళు వేయించేది. రాత్రి అదే నానమ్మ జటాయువు కథ చెప్తూ కొంగుతో కళ్ళొత్తుకునేది. మాకది వింతగా అనిపించలేదు మరి.

వాల్మీకి జటాయువుని గృధ్రరాజు అన్నాడు. అంటే రాబందుల రాజు. కన్నతండ్రి దశరథుడి దహన సంస్కారం రాముడి చేతుల మీదుగా జరగలేదు, భరతుడు చేశాడు. జటాయువుకి మాత్రం రాముడే స్వయంగా చితి పేర్చాడు. మన లేపాక్షికి ఆ పేరు "లే పక్షీ" అన్న రాముడి పిలుపు వల్లే వచ్చిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

ఇక మా గౌరి సంగతి. 1997లో, నేను తొమ్మిదో తరగతి. మా ఆవు కీళ్ళు వాచి లేవలేక పడిపోయింది. దాని మూలుగు వినలేక నాన్న పశువుల డాక్టరుగారిని పిలుచుకొచ్చారు. సూది వేశారు. ఆ రాత్రి కాస్త గడ్డి కూడా తింది. మర్నాడు తెల్లవారుజామున పోయింది. "నొప్పి లేకుండా పోయింది తల్లి, అంతే చాలు" అన్నారు నాన్న. బీడులో వేశాం. రాబందులు వచ్చాయి. మా ఊళ్ళో నేను వాటిని గుంపుగా చూడడం అదే ఆఖరుసారి.

పెద్దయ్యాక చదివాను. 1990ల నుంచి పశువులకి నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ అనే మందు విరివిగా వాడారు. ఆ మందు వేసిన కొద్దిరోజుల్లోనే పశువు చనిపోతే, మాంసంలో మందు మిగిలిపోతుంది. అది తిన్న రాబందు మూత్రపిండాలు పాడై, రోజుల్లోనే చచ్చిపోతుంది. ఈ సంగతి 2004లో బయటపడింది. తెల్లవీపు రాబందు మన దేశంలో 1992 నుంచి 2007 లోపల 99 శాతానికి పైగా తగ్గిపోయింది. అంత నాశనానికి వంద కళేబరాల్లో ఒక్కదానిలో మందున్నా ఎక్కువేనట! రాబందు ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది, పోయినవాటి లోటు ఎప్పటికి తీరాలి? తినేవాళ్ళు లేక కళేబరాలు కుళ్ళాయి, నీళ్ళు పాడయ్యాయి, కుక్కలు పెరిగాయి, కుక్కకాట్లు పెరిగాయి. 2000 నుంచి 2005 లోపల ఇలా దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని ఆర్థికవేత్తలు అంచనా కట్టారు.

జీవికి జీవే ఆహారమని భాగవతంలో నారదుడు ధర్మరాజుకి చెప్తాడు. చిన్నప్పుడు అది క్రూరమైన మాటలా తోచేది. ఇప్పుడు ఆ మాటలో నాకు ఒక బాధ్యత కనిపిస్తోంది. గౌరి పక్కన కూర్చున్న రాత్రి అక్కడ ఇద్దరమే ఉన్నామనుకున్నాం, ఆవూ మేమూ. మర్నాడు దాన్ని తినబోయే ప్రాణి మా ఆలోచనలో లేదు. అయినా మా దయ దాని కడుపులోకి కూడా వెళ్ళింది.

మరి నాన్న చేసింది పాపమా? కాదనే అంటాను. మూలుగుతున్న ప్రాణిని చూసి ఊరుకోవడమే పాపమయ్యేది. ఆ సూదిలో ఏ మందుందో ఆయనకి తెలియదు. కానీ "తెలియక చేశాం" అనే మాట తెలిసిన రోజు దాకానే చెల్లుతుందండి. పశువులకి ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు. ఆ తర్వాత కూడా మనుషులకి అమ్మే మందుని తెచ్చి గొడ్లకి వేసేవారు, అందుకే 2015లో పెద్ద సీసాలు ఆపించి 3 మిల్లీలీటర్లవే ఉంచారు. దాన్ని మాత్రం నేను దయ అనలేను.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే బాబాయి వాళ్ళ గేదెకి కాలు వాచి ఉంది. వచ్చిన డాక్టరుగారిని మందు పేరు అడిగాను. "మెలాక్సికామ్ అండి, రాబందులకి ఏమీ కాదు" అన్నారు నవ్వుతూ. బాబాయి మాత్రం "ఇప్పుడు రాబందులెక్కడున్నాయిరా" అన్నాడు.

ఉన్నాయమ్మా, మీ బాబుకి చెప్పండి. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట ఉంది. పొడుగుముక్కు రాబందులు ఆ కొండచరియల్లో ఇదివరకు గూళ్ళు కట్టుకున్నాయి. ఇప్పుడు అక్కడ ఉన్నాయో లేదో ముందు అటవీశాఖ వాళ్ళని అడగండి, వెళ్తే దూరం నుంచే చూడండి. వచ్చే వీడియోలో జటాయువు అన్నగారు సంపాతి కథ చెప్పుకుందాం.