పందెపు లాభము కాయకమగునా?

సంక్రాంతి వచ్చినదనగా కోనసీమలో రెండు విధములైన సమూహములు కనబడును. కనుమనాడు అంబాజీపేట దాపుననున్న జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివచ్చును. గంగలకుర్రు ప్రభలను భక్తులు భుజములపై నెత్తుకొని కౌశిక నీటిలోనే దాటింతురు. అదే పండుగ దినములలో, అంత దూరము కాని కొబ్బరితోటలలో బరులు వెలయును. కోళ్ళ కాళ్ళకు కత్తులు కట్టుదురు. 2016లో ఉమ్మడి హైకోర్టు ఈ పందెములను అరికట్టవలసినదని ఆదేశించిననూ బరులు ఆగలేదు. ఇప్పుడు మరియొక బరి వచ్చినది. దానికి తోట అక్కరలేదు, పండుగ అక్కరలేదు. అమలాపురములో తన యింటి మేడపై కూర్చున్న యువకుడు, ఎక్కడో వింబుల్డన్ పచ్చికపై టెన్నిసు ఆడుచున్న ఇరువురు పరదేశీయులపై చేతిలోని ఫోనుతో పందెము కాయుచున్నాడు.

ఇట్టివారిలో కొందరు తాము జూదరులము కామందురు. వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. అందులో లెక్క యున్నది. ఒక ఆటగానిపై వంద రూపాయలు కాసి గెలిచినచో రెండువందల యాభై ఇత్తుమని పందెము నడుపువారు ప్రకటించిరనుకొందము. అతడు నూటికి 40 పర్యాయములు గెలుచునని ఆ ధర చెప్పుచున్నది. ఆటగాని సర్వీసు బలమును, మట్టి మైదానమునకు పచ్చిక మైదానమునకు గల తేడాను, పూర్వపు ఆటల ఫలితములను, గాయములను పరిశీలించినవానికి ఆ అవకాశము 45 అని తోచినచో, అట్టి పందెము పెక్కుమారులు కాయగా వందకు సగటున నూటపన్నెండున్నర రూపాయలు తిరిగి రావలెను. దీనినే వారు ‘విలువ’ పట్టుట యందురు. ఎవరు గెలుతురన్నది వారికి ముఖ్యము కాదు. ధర తప్పుగా నున్నదా లేదా యన్నదే ముఖ్యము. రాత్రులు మేలుకొని చేసిన ఈ పరిశ్రమ కాయకము కాదా యని వారి ప్రశ్న.

పరిశ్రమ ఉన్న మాట నిజమే. కోడిపందెగాండ్రకును కుక్కుటశాస్త్రము కలదు. డేగ యే దినమున గెలుచునో, కాకి యే దిక్కున దించవలెనో వారును కంఠస్థము చేయుదురు. అయితే శాస్త్రమున్నంత మాత్రమున అది కాయకమగునా? లోకములో న్యాయస్థానములు చిరకాలము నైపుణ్యమా, అదృష్టమా అన్న ప్రశ్ననే విచారించినవి. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన అభియోగములోనే 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆట యన్నది. 1996లో గుఱ్ఱపు పందెముల విషయమునను అట్లే తీర్పు చెప్పినది. 2025లో పార్లమెంటు చేసిన చట్టము మాత్రము, ధనమొడ్డి ఫోనులలో ఆడు ఆటలకు ఆ భేదమును లెక్కింపక నిషేధము విధించినది. చట్టము మాట యెట్లున్ననూ, శరణధర్మము అడుగు ప్రశ్న వేరు. ఎంత తెలివితో ఆర్జించితివని కాదు, ఆ ధనము ఎవరి చేతినుండి, దేనికి ప్రతిగా వచ్చెనని.

పందెము నడుపువారు సమఉజ్జీలైన ఇరువురిపైనను వందకు నూటతొంబది ఇత్తుమందురు. ఇరువురిపైన చెరియొక వంద కాసినచో రెండువందలు పోయి, ఎవరు గెలిచిననూ నూటతొంబదియే తిరిగి వచ్చును. ఆ పది రూపాయలు నిర్వాహకునివి. కావున అందరు పందెగాండ్రును కలిసి ఎల్లప్పుడును నష్టపడుచునే యుందురు. వారిలో ఒకడు లాభపడవలెనన్నచో, లెక్క తెలియని మరికొందరు అంతకంటె ఎక్కువ నష్టపడి తీరవలెను. నిర్వాహకులకు ఈ సంగతి చక్కగా తెలియును. తరచుగా గెలుచువానిని గుర్తించి అతని పందెపు పరిమితిని కుదించి వేయుదురు. ఓడువానిని ఎర చూపి మరల మరల పిలుతురు. విలువ పట్టినవాడు నిర్వాహకుని గెలిచితిననుకొనును. ఆ సొమ్ము వచ్చినది మాత్రము జీతపు రాళ్ళు ఫోనులో పోగొట్టుకొన్న మరియొక యింటినుండి.

ఇంకొక సంగతి. ప్రసిద్ధమైన ఆటలలో ధరలు సరిగానే యుండును గనుక, తప్పులు వెదకువాడు పేరులేని చిన్న పోటీలకు దిగును. ఆ స్థాయి ఆటగాండ్రకు ప్రయాణపు ఖర్చులే గిట్టుట కష్టము. లంచము తీసికొని ఓడు రోగము అక్కడనే ముదిరినదని టెన్నిసు సంస్థలు నియమించిన స్వతంత్ర సంఘము 2018లో నివేదించినది.

అంబాజీపేట కొబ్బరి వర్తకుడును ధర నూహించియే కొనునుగదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే, అతడును ఊహించును. కాని అతని ఊహవలన కాయ చెట్టునుండి బండికి, బండినుండి దూరపు వంటయింటికి చేరును. అతనికి లాభము వచ్చుటకు రైతు చెడిపోవలసిన అవసరము లేదు. పంటల బీమా సంగతియు అంతే. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరి కూలినప్పుడు ఆ ఆపద ఎవరును కల్పించినది కాదు; ఉన్న ఆపదను పలువురు పంచుకొనుటకే బీమా. పందెమో, లేని ఆపదను ఇంటికి తెచ్చి పెట్టును.

ఆయ్దక్కి మారయ్య కథ వీరశైవ గృహములకు క్రొత్త కాదు. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యమును ఏరి తెచ్చుట అతని కాయకము. ఒకనాడు నిత్యము కంటె ఎక్కువ తెచ్చినంతనే లక్కమ్మ ఆ అధికమును తిరిగి అక్కడనే పోసి రమ్మన్నది. ఆ బియ్యము ఎవరిని ఓడించియు తెచ్చినది కాదు. అయిననూ ఆమె ఒప్పుకొనలేదు.

ఇక్కడ మూర్ఖనాయనారు చరిత్రను కొందరు ముందుకు తెత్తురు. అరువదిమువ్వురు పురాతనులలో నొకడైన ఆ తిరువేర్కాటి భక్తుడు, ఉన్నదంతయు మాహేశ్వరుల అన్నమునకు వెచ్చించి, పిమ్మట జూదమాడి గెలిచిన ధనముతో ఆ సేవ సాగించెనని పెరియపురాణము చెప్పును. ఇది దాచవలసిన కథ కాదు. కాని ఆ ధనమును అతడు తన చేతితో తాకలేదు. వంటవారే దానిని తీసికొనిరి. అందరును భుజించిన పిమ్మటనే అతడు భుజించెను. ఓడినవాడు సొమ్ము చెల్లింపనన్నచో అతడు కత్తి దూసెననియు అదే పురాణము చెప్పుచున్నది. పురాణకారుడు కీర్తించినది తనకై ఏమియు మిగుల్చుకొనని ఆ వెఱ్ఱి భక్తిని, జూదమును కాదు. లాభములో పదవ వంతు దాసోహమునకిచ్చి మిగిలినదానితో కారు కొనువాడు అతనిని సాక్షిగా పిలుచుట తగదు.

అట్టివాడు సంక్రాంతికి ముందు ప్రభకు చందాయనియో, మఠములో అన్నదానమునకనియో కట్ట తెచ్చినచో పెద్దలేమి చేయవలెను? ప్రతి దాతను ధనమెక్కడిదని నిలదీయుట సాధ్యము కాదు. తెలిసినప్పుడు మాత్రము పుచ్చుకొనరాదు. పుచ్చుకొన్నచో ఆ ఊరి పిల్లలందరికిని పందెము మఠసమ్మతమని చెప్పినట్లే. లక్కమ్మ బియ్యమునకు తిరిగి పోయదగిన ముంగిలి యుండెను. ఈ ధనమునకది లేదు. ఓడినవాని పేరైనను గెలిచినవాడెరుగడు. కాని రాజోలులోనో కొత్తపేటలోనో పందెపు అప్పులకు ఇంటి పట్టా తాకట్టు పెట్టిన కుటుంబమేదియో పెద్దలు ఎరిగియే యుందురు. ఆ కట్టను అక్కడకు పంపుమని అతనితో చెప్పవచ్చును.