సర్దుకుపోయేది ఎవరు?

వేల్స్ దక్షిణాన లానెల్లి పట్టణానికి దగ్గర్లో లాంగెన్నెక్ అనే ఊరుంది. ఒకప్పుడు చుట్టుపక్కలంతా బొగ్గు గనులే. 1952లో ఆ ఊళ్ళో కొత్తగా కాపురం పెట్టిన ట్రెవర్, ఐలీన్ బీస్లీ దంపతులు ఇంటి పన్ను కట్టడం మానేశారు. అతను గని కార్మికుడు, ఆమె టీచరు. చేతిలో డబ్బు లేక మానలేదు, పన్ను ఎక్కువైందనీ మానలేదు. నోటీసు ఇంగ్లీషులో వచ్చింది. వెల్ష్ భాషలో పంపండి, కట్టేస్తాం అన్నారు. అంతే.

ఆ నోటీసు పంపిన కౌన్సిల్ ఎక్కడో లండన్‌లో లేదు, దగ్గర్లోనే ఉంది. అందులోని సభ్యులూ గుమాస్తాలూ చాలావరకు వెల్ష్ మాట్లాడేవాళ్ళే. ఊళ్ళో పదిమందిలో తొమ్మిదిమందిది అదే భాష. పన్ను వేసేవాడిదీ వెల్షే, కట్టేవాడిదీ వెల్షే, మధ్యన కాగితం మాత్రం ఇంగ్లీషు. ఎందుకని అడిగితే, ఎప్పట్నుంచో అలాగే వస్తోంది కాబట్టి.

కౌన్సిల్ కోర్టుకెళ్ళింది. భార్యాభర్తలు డజనుకు పైగా సార్లు కోర్టు మెట్లెక్కారు, అక్కడ కూడా విచారణ వెల్ష్‌లోనే జరపమని పట్టుబట్టారు. మళ్ళీ మళ్ళీ జప్తులు జరిగాయి. బల్లలు, కుర్చీలు పోయాయి. పియానో పోయింది. ఇంట్లో చూస్తే ఇద్దరు పసిపిల్లలు. ఇరుగుపొరుగువారు వాళ్ళని ఎలా చూశారో ఊహించుకోవచ్చు. మన ఊళ్ళోనైనా అంతేగా, వీళ్ళకిదేం పోయేకాలం, నలుగురితో పాటు నారాయణా అనకుండా, అంటాం. చివరికి 1960లో రెండు భాషల్లో అచ్చేసిన నోటీసు వాళ్ళింటికి వచ్చింది. ఒక కాగితం కోసం ఎనిమిదేళ్ళు పట్టింది.

వాళ్ళ ధైర్యం గొప్పదే. కానీ పన్ను నోటీసు లాంటి చప్పిడి కాగితానికి అంత ధైర్యం అవసరం కావడమే నాకు మింగుడుపడదు. ట్రెవర్, ఐలీన్ లాంటి వాళ్ళు ఊరికొకరు కూడా ఉండరు. మిగిలినవాళ్ళం, ఈ రాస్తున్న నాతో సహా, గొడవెందుకులే అని ఇంగ్లీషు నోటీసు తీసుకుని డబ్బు కట్టేసి వచ్చే రకం. పిరికివాడికి కూడా దక్కినప్పుడే దాన్ని హక్కు అనాలి. అప్పటిదాకా అది పోరాటం చేయగల నలుగురి సొత్తు.

1962 ఫిబ్రవరిలో సాండర్స్ లూయిస్ అనే వెల్ష్ రచయిత రేడియోలో ఒక ప్రసంగం చేశాడు. పరిస్థితి ఇలాగే సాగితే ఇరవయ్యొకటో శతాబ్దం మొదట్లోనే వెల్ష్ అంతరిస్తుందని హెచ్చరించి, చేయవలసిన పని ఏమిటో చెప్పడానికి ఈ బీస్లీ దంపతులనే ఉదాహరణగా చూపించాడు. పన్ను కాగితాలు, లైసెన్సులు, కోర్టు సమన్లు, వీటిలో వెల్ష్ లేకపోతే పనులు జరగని పరిస్థితి తేవాలన్నాడు. ఆయన కవీ నాటకకర్తా. అయినా కావ్యాల గురించి కాకుండా ఫారాల గురించి మాట్లాడాడు. ఆ ఏడాదే వెల్ష్ భాషా సమితి పుట్టింది. కుర్రకారు పోస్టాఫీసుల ముందు కూర్చున్నారు, ఇంగ్లీషు బోర్డుల మీద రంగు పూశారు, జైళ్ళకెళ్ళారు. 1967లో ఒక చట్టం, 1993లో ఇంకొకటి వచ్చాయి. 2011లో వెల్ష్‌కి వేల్స్‌లో అధికార హోదా, దాన్ని కాపాడటానికి ఒక కమిషనర్ పదవీ వచ్చాయి. ఇద్దరు మనుషులు తమలో తాము వెల్ష్ మాట్లాడుకుంటుంటే ఎవరైనా అడ్డుపడితే విచారించే అధికారం కూడా ఆ కమిషనర్‌కి ఉంది. తమలో తాము మాట్లాడుకోవడానికి కూడా చట్టం కావాల్సి వచ్చిందంటే, అంతకుముందు ఎలా ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు.

యూరప్ మొత్తానికి కలిపి ఒక ఒప్పందం కూడా ఉంది. ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల చార్టర్ అంటారు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 1992 నవంబరులో స్ట్రాస్‌బోర్గ్‌లో సంతకాలకు పెట్టింది, 1998లో అమల్లోకి వచ్చింది. చదవడానికి మహా పొడిగా ఉంటుంది. బడి, కోర్టు, ఆఫీసు, టీవీ, ఆసుపత్రి అని వరసగా అంశాలుంటాయి, వాటిలోంచి కనీసం 35 హామీలను ప్రతి దేశం ఎంచుకోవాలి. నిపుణుల కమిటీ వచ్చి చూసి నివేదిక రాస్తుంది. మాట తప్పిన దేశానికి జరిమానా ఏమీ ఉండదు. మొహమాటమే శిక్ష. అయినా నాకు ఆ పొడితనమే నచ్చుతుంది. భాషని తల్లితోనూ దేవతతోనూ పోల్చకుండా, దరఖాస్తు ఫారం ఏ భాషలో ఉండాలో మాట్లాడుతుంది.

అదే 1992లో ఫ్రాన్స్ తన రాజ్యాంగంలో, రిపబ్లిక్ భాష ఫ్రెంచి అని ఒక వాక్యం చేర్చుకుంది. 1999 మేలో చార్టర్ మీద సంతకం పెట్టింది. నెల తిరిగేసరికి అక్కడి రాజ్యాంగ మండలి, ఇందులోని కొన్ని అంశాలు మన రాజ్యాంగానికి సరిపడవని తేల్చింది. ఆమోదం ఈనాటికీ లేదు. 2008లో మాత్రం ప్రాంతీయ భాషలు ఫ్రాన్స్ వారసత్వ సంపద అని రాజ్యాంగంలో రాసుకున్నారు. సంపద అన్నాక అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయొచ్చు కదా. అక్కడి బ్రిటనీ ప్రాంతంలో 1977 నుంచి దివాన్ బడులు నడుస్తున్నాయి. వాటిలో పిల్లలు లెక్కలూ చరిత్రా కూడా బ్రెటన్ భాషలోనే నేర్చుకుంటారు. అలాంటి బోధనకు చట్టంలో చోటివ్వబోతే 2021లో అదే మండలి కొట్టేసింది.

చట్టాలను పక్కన పెట్టి మనుషుల దగ్గరికి వస్తాను, అసలు చిక్కు అక్కడే ఉంది. ఎనిమిదిమంది వెల్ష్‌లో మాట్లాడుకుంటున్నారు. తొమ్మిదో మనిషి వచ్చి కూర్చుంటాడు, అతనికి వెల్ష్ రాదు. మరుక్షణం ఎనిమిదిమందీ ఇంగ్లీషులోకి దిగిపోతారు. ఎవరూ బలవంతపెట్టలేదు. అది మర్యాద. వెల్ష్ వచ్చిన పెద్దవాళ్ళలో దాదాపు అందరికీ ఇంగ్లీషు వచ్చు, ఇంగ్లీషు వాళ్ళలో అత్యధికులకు వెల్ష్ రాదు. కాబట్టి మర్యాద ఎప్పుడూ ఒకవైపు నుంచే నడుస్తుంది. పంచాయతీ మీటింగులో, స్కూలు కమిటీలో, చివరికి కొత్త కోడలు వచ్చిన ఇంట్లో కూడా అదే కథ. సర్దుకుపోవడం మంచి గుణమని చిన్నప్పట్నుంచీ విన్నాం. మంచిదే. కానీ ఏ ఇంట్లోనైనా ఎప్పుడూ ఒక్కరే సర్దుకుపోతుంటే, కొన్నేళ్ళకి ఆ మనిషి ఇష్టం ఏమిటో ఎవరికీ గుర్తుండదు, ఆ మనిషితో సహా.

వాయవ్య వేల్స్‌లోని గ్వినెద్ కౌన్సిల్ దీనికో ఉపాయం చేసింది. ఆ కౌన్సిల్ పాలన అంతా వెల్ష్‌లోనే. సభ జరిగేచోట తర్జుమా చేసేవాళ్ళుంటారు, చెవికి పెట్టుకునే పరికరాలుంటాయి. వెల్ష్‌లో మాట్లాడింది ఇంగ్లీషులో వినిపిస్తుంది. ఇంగ్లీషులో మాట్లాడిందాన్ని వెల్ష్‌లోకి మార్చరు, అక్కర్లేదు కనుక. వెల్ష్ రానివాడు పరికరం చెవిన పెట్టుకుని కూర్చుంటాడు. అతన్ని వెలివేయలేదు, అతను ఇంగ్లీషులో మాట్లాడొచ్చు, అందరికీ అర్థమవుతుంది. ఒక చిన్న తీగ బరువు మాత్రం ఈసారి అతను మోస్తాడు. ఇంతకంటే న్యాయమైన మర్యాద నేనింకెక్కడా చూడలేదు.

స్పెయిన్, ఫ్రాన్సుల మధ్య ఉన్న బాస్క్ ప్రాంతంలో ఇదే చిక్కుకు మరో దారి పట్టారు. 2018 నవంబరు చివర్లో మొదలుపెట్టి పదకొండు రోజులపాటు ఎఉస్కరాల్దియా అనే కార్యక్రమం నడిపారు. రెండు లక్షలమందికి పైగా పేర్లిచ్చి చొక్కాలకు బ్యాడ్జీలు పెట్టుకున్నారు. అవి రెండు రకాలు. మొదటిది, నేను ఎవరితోనైనా ముందు బాస్క్‌లోనే మొదలుపెడతాను, అర్థం చేసుకోగలిగిన వాళ్ళతో అందులోనే సాగిస్తాను అనేవాళ్ళది. రెండోది, నాకు మాట్లాడటం అంతగా రాదు, అర్థమవుతుంది, నా కోసం భాష మార్చొద్దు అనేవాళ్ళది. ఈ రెండో బ్యాడ్జీ కనిపెట్టిన బుర్రకు దండం పెట్టాలి. భాషని నిలబెట్టడానికి అనర్గళంగా మాట్లాడనక్కర్లేదు, అవతలివాడిని ఆపకుండా వింటే చాలు. నగరాల్లో పెరిగి, అమ్మమ్మ మాట అర్థమై జవాబు మాత్రం ఇంగ్లీషులో చెప్పే మన పిల్లలకు కూడా అలాంటిదొకటి కావాలి.

ఇంగ్లీషు అందరికీ వచ్చుగా, ఇంకా ఈ తాపత్రయం ఎందుకని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళు ఒకసారి ముసలివాళ్ళ వార్డుకు వెళ్ళి రావాలి. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళలో, పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది. డెబ్భై ఏళ్ళు ఇంగ్లీషులో వ్యవహారం చేసిన మనిషి నొప్పి ఎక్కడో చెప్పడానికి వెల్ష్ మాట ఒక్కటే మిగులుతుంది. అందుకే వేల్స్ ఆరోగ్యశాఖ 2012 నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. రోగి అడిగే దాకా ఆగకుండా, వెల్ష్‌లో మాట్లాడమంటారా అని సిబ్బందే ముందు అడగాలి. వెల్ష్ వచ్చిన ఉద్యోగులు నారింజ రంగు బ్యాడ్జీ పెట్టుకుంటారు. మంచంలో పడున్న మనిషి నోరు తెరవకముందే, ఈవిడతో నా భాషలో చెప్పుకోవచ్చని తెలిసిపోతుంది. ఆచరణ ఊరికో రకంగా ఉంటుందన్న ఫిర్యాదులు లేకపోలేదు. పద్ధతి మాత్రం సరైనది. బీస్లీ దంపతులు ఎనిమిదేళ్ళు అడిగినదాన్ని ఇక్కడ అడగకుండానే ఇస్తున్నారు.

ఇన్ని చేసినా లెక్కలు చూస్తే ఉసూరుమనిపిస్తుంది. 2011 జనగణనలో వేల్స్‌లో 19 శాతం మంది వెల్ష్ మాట్లాడేవాళ్ళుంటే, 2021లో 17.8 శాతానికి, అంటే దాదాపు 5 లక్షల 38 వేలకు దిగింది. 2050 కల్లా పది లక్షలు చేస్తామని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుని ఉంది. సముద్రం ఒడ్డున అందమైన పల్లెల్లో డబ్బున్నవాళ్ళు సెలవులకోసం ఇళ్ళు కొంటారు, ధరలు పెరుగుతాయి, ఊరి కుర్రాళ్ళు ఇల్లు కొనలేక నగరానికి పోతారు. చలికాలంలో ఆ వీధుల్లో దీపం వెలగదు. ఖాళీ ఇంట్లో ఏ భాషా బతకదు. అందుకని అలాంటి ఇళ్ళ మీద పన్ను మామూలుకు నాలుగు రెట్లదాకా వేసే అధికారం 2023 నుంచి కౌన్సిళ్ళకు ఇచ్చారు. భాష గురించి మొదలుపెట్టిన మాట ఇంటి అద్దెల దగ్గరా ఉద్యోగాల దగ్గరా తేలుతుంది. ఇది తప్పదు.

అలాగని చేతులెత్తేయాల్సిన పనీ లేదు. ఐర్లండుకీ ఇంగ్లండుకీ మధ్య ఐల్ ఆఫ్ మాన్ అనే చిన్న ద్వీపం ఉంది. మాంక్స్ అక్కడి భాష. చిన్ననాటి నుంచి అదే మాటగా పెరిగినవాళ్ళలో చివరివాడు నెడ్ మాడ్రెల్ అనే జాలరి 1974లో పోయాడు. ఆయనా ఆయన తోటి ముసలివాళ్ళూ మాట్లాడిన టేపులు విని కొందరు నేర్చుకున్నారు, తమ పిల్లలకు నేర్పారు, 2001లో మాంక్స్ బడి పెట్టారు. 2009లో యునెస్కో తన పటంలో మాంక్స్‌ను అంతరించిన భాషగా చూపించింది. ఆ బడి పిల్లలు యునెస్కోకి ఉత్తరాలు రాశారు, మాంక్స్‌లోనే. మా భాష చచ్చిపోతే ఈ ఉత్తరం ఏ భాషలో ఉందని అడిగారు. యునెస్కో దిద్దుకుంది.

ముందు చెప్పిన యూరప్ చార్టర్ అక్కడి పాత భాషలకే. వలస వచ్చినవాళ్ళ భాషలు అందులోకి రావు. కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్న తెలుగు కుటుంబానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. తమిళనాడులోనూ ఒడిశాలోనూ తెలుగు బడుల కోసం మనవాళ్ళు పడే తిప్పలు వేరే కథ, దాని గురించి మనం గట్టిగానే మాట్లాడతాం. మాట్లాడనిది ఒకటుంది. పాడేరులో, సీతంపేటలో, ఉట్నూరులో ప్రభుత్వాఫీసు బల్లకు ఇవతల కూర్చున్న తెలుగువాడు బీస్లీ దంపతులకు ఇంగ్లీషు నోటీసు పంపిన కౌన్సిల్ స్థానంలో ఉన్నాడు. కువి మాట్లాడే ముసలమ్మ, సవర మాట్లాడే రైతు, గోండి మాట్లాడే తల్లి అటువైపు నిలబడి తెలుగులోకి సర్దుకుపోతున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు రాయించిన మంచి ప్రయత్నం ఒకటి జరిగింది. బడిలోనైతే ఆ మాత్రం. ఆసుపత్రిలో, తహసీల్దారు ఆఫీసులో ఆపాటి కూడా లేదు.

ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆ రోజు గిడుగు రామమూర్తి పుట్టినరోజు. పర్లాకిమిడిలో పంతులుద్యోగం చేస్తూ ఆయన సవర నేర్చుకున్నాడు. సవర పిల్లల కోసం వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. వాడుక తెలుగు కోసం ఆయన పోరాటం మొదలుపెట్టక ముందటి మాట ఇది. మన్యంలో నర్సుగానో టీచరుగానో గుమాస్తాగానో పనిచేస్తూ ఇది చదువుతున్నవాళ్ళకు ఒక్క మనవి. ఈసారి భాషా దినోత్సవ సభకు వెళ్ళేలోగా, మీ బల్ల ముందు నిలబడే మనిషి భాషలో నాలుగు మాటలు నేర్చుకోండి. కూర్చోమనడానికి, పేరేమిటో, నొప్పి ఎక్కడో అడగడానికి సరిపోయేన్ని.