తలుపు పడకపోతే దోషం ఎక్కడిది?

పాత కారు తలుపు ఒక్క తోపుతో పడాలంటే నాలుగు వస్తువులు కలిసిరావాలి. ముందు అంచున తలుపు బరువు మోసే కీళ్లు, వెనక అంచున లాక్, దానికి ఎదురుగా బాడీ స్తంభానికి బిగించిన స్ట్రైకర్ అనే ఇనుప కొక్కెం, చుట్టూ గాలీ వానా రాకుండా ఆపే రబ్బరు బీడింగ్. తలుపు తోసినప్పుడు లాక్‌లోని గోరులాంటి ముక్క తిరిగి స్ట్రైకర్‌ను పట్టుకుంటుంది. ఆ పట్టుకు రెండు మెట్లున్నాయి. మొదటి చప్పుడుకు తలుపు సగమే పడుతుంది, రెండో చప్పుడుకు పూర్తిగా బిగుస్తుంది. ఏళ్లు గడిచిన బండిలో ఒక్కోసారి ఈ రెండో చప్పుడు వినిపించదు. అప్పుడు మనిషి చేసే మొదటి పని తలుపును ఇంకా గట్టిగా కొట్టడం. ఆ దెబ్బ వెనక ఒక తీర్పు ఉంది: తప్పు తలుపుదేనని. ఆ తీర్పు సరైనదా అన్నది తర్కశాస్త్రం తూచి చూడదగ్గ ప్రశ్న.

తలుపు పడటాన్ని వైశేషికుల భాషలో సంయోగం అంటారు. ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో లెక్కించిన 24 గుణాల్లో సంయోగం ఒకటి. రంగు ఒక వస్తువులో ఉంటుంది, రుచి ఒక వస్తువులో ఉంటుంది. సంయోగం మాత్రం ఏకకాలంలో రెండు వస్తువులను ఆశ్రయించి ఉంటుంది. అది పుట్టే తీరును కూడా ఆ శాస్త్రం విడదీసింది. రెండు పొట్టేళ్లు ఢీకొన్నప్పుడు కదలిక రెండింటిదీ. డేగ వచ్చి మోడు మీద వాలినప్పుడు కదలిక డేగదే, మోడు ఉన్నచోటే ఉంటుంది. కారు తలుపుది ఈ రెండో రకం. కదిలేది తలుపు కాబట్టి నింద దాని మీద పడుతుంది, కదలని స్ట్రైకర్ కంటికి ఆనదు. అయితే కలయిక ఇద్దరిదైనప్పుడు, అది కుదరకపోవడానికి కారణాన్ని ఒక్కరిలోనే వెతకడం తొందరపాటు.

కారణాన్ని తేల్చడానికి తార్కికులు వాడే సాధనం అన్వయవ్యతిరేకం. ఒకటి ఉంటే మరొకటి ఉండటం అన్వయం, అది లేకపోతే ఇదీ లేకపోవడం వ్యతిరేకం. షెడ్డులో అనుభవమున్న మెకానిక్ చేసేదీ ఇదే. ముందు ఒక కిటికీ అద్దం దించి తలుపు వేస్తాడు. అద్దాలన్నీ ఎత్తి ఉన్నప్పుడు మొరాయించి, ఒకటి దించగానే తేలిగ్గా పడితే, అడ్డుపడుతున్నది లోపల చిక్కిన గాలి. అద్దం దించినా తేడా లేకపోతే తలుపును సగం తెరిచి, వెనక అంచు పట్టుకుని మెల్లగా పైకి ఎత్తుతాడు. కీలు దగ్గర ఆట కనిపిస్తే పిన్నూ బుష్షూ అరిగి తలుపు కిందికి జారినట్టు. దిగేవాళ్లు తెరిచిన తలుపు మీద బరువు వేసి లేవడం వల్ల, ఎక్కువగా వాడే డ్రైవర్ వైపు తలుపుకు ఈ జబ్బు ముందుగా వస్తుంది. ఆట లేకపోతే తలుపును తెరిచే ఉంచి, స్క్రూడ్రైవర్‌తో లాక్ గోరును తిప్పి చూస్తాడు. రెండు మెట్లూ చప్పుడు చేసి, హ్యాండిల్ లాగగానే గోరు వెనక్కి వస్తే లాక్ బాగున్నట్టే. బరువుగా కదిలితే దుమ్ము పట్టి గట్టిపడిన పాత గ్రీజు దోషం. చివరగా బీడింగ్‌కూ బాడీకీ మధ్య కాగితం పెట్టి తలుపు వేసి లాగుతాడు. కొత్తగా వేయించిన బీడింగ్ మందంగా ఉంటే ఒకచోట కాగితం చిరిగేంత బిగువు, తలుపు వంకరైతే మరోచోట ఊడిపడేంత వదులు తెలుస్తాయి.

పరీక్షకు వరుస ఉన్నట్టే మరమ్మతుకూ వరుస ఉంది. ముందు శుభ్రం చేయడం, తర్వాత కందెన, ఆ తర్వాతే సర్దుబాటు. లాక్‌కూ కీళ్లకూ గ్రీజు పనికొస్తుంది. అదే గ్రీజు రబ్బరును పాడుచేస్తుంది, దానికి సిలికాన్ స్ప్రే కావాలి. స్ట్రైకర్‌ను కదిలించే ముందు అది ఉన్నచోట చుట్టూ పెన్సిల్‌తో గీత గీస్తారు. బోల్టులు కొద్దిగా వదులు చేసి, గీత నుంచి వెంట్రుకవాసి జరిపి, బిగించి, తలుపు మెల్లగా వేసి చూస్తారు. కుదరకపోతే గీత దగ్గరికి తిరిగి వస్తారు. ఇక్కడ ఒక నైతిక మెలిక కూడా ఉంది. కీలు అరిగి తలుపు జారితే, స్ట్రైకర్‌ను కిందికి దించి పని అయిందనిపించవచ్చు. తలుపు పడుతుంది, కానీ కీలు అరుగుతూనే ఉంటుంది. బాగున్నదాన్ని పాడైనదానికి అనుగుణంగా మార్చడం సర్దుబాటు కాదు, దోషాన్ని దాచిపెట్టడం.

కలయిక కుదరనప్పుడు బలప్రయోగం ఎలా పుడుతుందో కీసరగుట్ట స్థలపురాణం చెబుతుంది. రావణవధ తర్వాత పాపపరిహారంగా రాముడు ఈ గుట్ట మీద శివలింగం ప్రతిష్ఠించదలచి, లింగం తెమ్మని హనుమంతుణ్ణి కాశీకి పంపాడు. ఆయన లింగాలతో తిరిగి వచ్చేసరికి, ముహూర్తం దాటిపోతుందని వేరే లింగంతో ప్రతిష్ఠ అయిపోయింది. కోపంతో హనుమంతుడు తెచ్చిన లింగాలను విసిరేశాడు. రామలింగేశ్వరాలయం చుట్టూ ఆరుబయట కనిపించే లింగాలు అవేనని భక్తుల నమ్మకం. ఈ కథలో నేరస్థుడు లేడు. వెళ్లినవాడు శ్రమపడ్డాడు, ఆగినవాడు ముహూర్తాన్ని పాటించాడు. కుదరనిది రెండింటి కలయిక. రాముడు ప్రతిష్ఠించిన లింగాన్ని కదిలించలేదు, హనుమంతుణ్ణి దండించలేదు. పూజలో ఆయనకు ప్రాధాన్యమిచ్చి, కేసరి కొడుకు పేరు మీద గుట్ట కేసరిగిరిగా నిలుస్తుందన్నాడు. అదే వాడుకలో కీసర అయిందంటారు. అక్కడ కుదిరింది చిన్న సర్దుబాటుతోనే.

మరి కీలు, లాక్, బీడింగ్ అన్నీ మార్చాక అది అదే కారా? బౌద్ధ గ్రంథమైన మిళిందపన్హలో నాగసేన భిక్షువు మిళింద రాజును రథం గురించి ఇలాగే అడుగుతాడు: ఇరుసు రథమా, చక్రం రథమా, నొగ రథమా? ఏదీ కాదు, వీటన్నిటి కూర్పుకు వాడుకలో పెట్టుకున్న పేరే రథం. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీన్ని ఒప్పుకోరు. అవయవాల కంటే వేరుగా అవయవి ఉంటుందని వాళ్ల వాదం. రిజిస్ట్రేషన్ పత్రం మాత్రం కారును ఛాసిస్ నంబరుతో గుర్తిస్తుంది. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన తనిఖీ చేసి 5 ఏళ్ల చొప్పున పొడిగిస్తారు. భాగాలు మారినా గుర్తింపు నిలుస్తుందనే భావం ఆలయాల జీర్ణోద్ధరణలోనూ ఉంది. యాదగిరిగుట్టలో పునర్నిర్మాణం సాగిన కాలమంతా, 2022 మార్చి 28న ప్రధానాలయం తెరిచే దాకా, దర్శనాలు తాత్కాలికంగా కట్టిన బాలాలయంలో జరిగాయి. గోడలు కొత్తవయ్యాయి, గుహలోని స్వామి అదే స్వామి. ఏది మారవచ్చో, ఏది మారకూడదో ముందే తేల్చుకున్న చోట మరమ్మతు గుర్తింపును చెరపదు.

దోషమంతా కలయికలోనే ఉంటుందనడం కూడా అతి. ప్రమాదంలో బాడీ వంగినా, కీలు బిగించిన చోటును తుప్పు తినేసినా దోషం ఆ వస్తువులోనే ఉంటుంది. అప్పుడు స్ట్రైకర్‌ను ఎంత జరిపినా ప్రయోజనం లేదు, డెంటింగ్, వెల్డింగ్ తప్పవు. పరీక్షించకుండా తలుపును నిందించడం ఎంత తప్పో, పరీక్షించాక తేలిన దోషాన్ని కాదనడమూ అంతే తప్పు. మరమ్మతు కుదిరిన తలుపుకు గుర్తులు మూడు: వేళ్లతో తోస్తే రెండో చప్పుడు వినబడుతుంది, కాగితం చుట్టూ ఒకే బిగువుతో నిలుస్తుంది, హ్యాండిల్ లాగితే తలుపు పైకీ కిందికీ కదలకుండా తెరుచుకుంటుంది.