కాశీ విడిచి వచ్చినవారి ధర్మం

కాశీలో మరణించినవాడి చెవిలో విశ్వేశ్వరుడే తారకమంత్రం ఉపదేశించి ముక్తి ప్రసాదిస్తాడన్న విశ్వాసాన్ని అక్షరాలా స్వీకరిస్తే, అక్కడికి చేరుకోగలిగిన భక్తుడు మళ్లీ ఇంటి ముఖం చూడాలని ఎందుకు కోరుకోవాలన్న ప్రశ్న తప్పక తలెత్తుతుంది. అలా కోరుకోనివారి కోసం క్షేత్రసన్న్యాసం, అంటే ప్రాణమున్నంతవరకు ఆ క్షేత్రపు పొలిమేర దాటనని సంకల్పించి అక్కడే ఉండిపోవడం, ఒక నియమంగా ఉండనే ఉంది. అయినా దక్షిణదేశం నుంచి వెళ్లినవారిలో ఎక్కువమంది గృహస్థులు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనన్న సామెత పుట్టిన కాలంలో కూడా వారు తిరిగి రావాలనే బయలుదేరారు. కనుక యాత్రాఫలం క్షేత్రంలోనే పూర్తవుతుందా, ఇల్లు చేరిన తరువాత కూడా జరగవలసినది ఏదైనా మిగిలి ఉంటుందా అన్నది ఆలోచించదగిన విషయం.

స్కాందపురాణంలో భాగమైన కాశీఖండం, దీనినే శ్రీనాథుడు పదిహేనో శతాబ్దంలో తెలుగు చేశాడు, కాశీని వదలలేక వదిలిన ఒక ఋషి కథతో మొదలవుతుంది. వింధ్యపర్వతం పెరిగి సూర్యుడి దారికి అడ్డుపడగా, దేవతల ప్రార్థన మేరకు అగస్త్యుడు భార్య లోపాముద్రతో కలిసి దుఃఖిస్తూనే దక్షిణానికి బయలుదేరతాడు. దారిలో శ్రీశైలం కనిపించినప్పుడు, ఆ శిఖరాన్ని చూసినవారికి పునర్జన్మ లేదని ఆయన చెప్పగా, అలాగైతే ఇంకా కాశీ కోసం ఈ బెంగ దేనికని లోపాముద్ర అడుగుతుంది. ఇంతకన్నా సూటియైన ప్రశ్న ఆ గ్రంథంలో మరొకటి దొరకడం కష్టం. దానికి సమాధానం చెబుతూ అగస్త్యుడు ముక్తినిచ్చే క్షేత్రాలను పేర్కొని, ఆపైన సత్యం, క్షమ, దయ, ఇంద్రియనిగ్రహం, దానం మొదలైన గుణాలు కూడా తీర్థాలేనని వివరిస్తాడు. వీటికే మానసతీర్థాలని పేరు. నీటిలో పుట్టి నీటిలోనే చచ్చే జలచరాలకు స్వర్గం రాదుగదా అన్న ప్రసిద్ధమైన తర్కం కూడా ఈ సందర్భంలోనిదే. మణికర్ణికా ఘట్టంలో కూర్చున్న ఏ మునిచేతనో పలికించగలిగిన ఈ మాటలను పురాణకర్త కాశీకి దూరమైన వ్యక్తి నోట, అదీ తిరిగి చేరుకోలేని దారిలో పలికించడం యాదృచ్ఛికమని అనిపించదు. అయితే నేటి ఉపన్యాసకులు తరచు మానసతీర్థాల దగ్గరే ఆగిపోతారు గాని, అగస్త్యుడు భూమి మీది తీర్థాలను తోసిపుచ్చలేదు. రెండింటిలోనూ స్నానం చేసినవాడికే పరమగతి అన్నది ఆయన నిర్ణయం.

శ్రీనాథుడి భీమేశ్వరపురాణంలో వ్యాసుడి కథ కొంచెం భిన్నంగా నడుస్తుంది: కాశీలో భిక్ష దొరకక, ఆకలికి తాళలేక ఆ నగరాన్నే శపించబోయి శివుడిచేత వెళ్లగొట్టబడిన వ్యాసుడు దక్షారామం చేరతాడు. ఒకరు పరుల అవసరం కోసం, మరొకరు స్వంత కోపం వల్ల కాశీని వదిలినా, ఇద్దరి దారులూ తెలుగు నేల మీదికే వచ్చాయి.

చరిత్రకాలపు ఉదాహరణగా ఏనుగుల వీరాస్వామయ్యను తీసుకోవచ్చు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే భాషలు మార్చి చెప్పే ఉద్యోగిగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా ప్రయాగ, కాశీ, గయలు సేవించి, కలకత్తా, పూరీ మార్గాన 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. దారిలో ఆయన రాసి ఉంచిన వృత్తాంతం 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చయింది. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, ఏ దారి బోయీలకు కష్టం అన్న వివరాలు అందులో దేవతాదర్శనాలతో సమానంగా చోటు చేసుకున్నాయి. వాటిని లౌకిక విషయాలుగా వేరుచేసి, ఆ పుస్తకాన్ని కేవలం చారిత్రక ఆధారంగా చదవడం అలవాటైంది గాని, తరువాత వచ్చే యాత్రికుడు దాహంతో పడిపోకుండా చూడడం కూడా దానమనే తీర్థంలోకే వస్తుంది; పైగా దారి గురించిన ఆ జ్ఞానాన్ని తిరిగి వచ్చినవాడే ఇవ్వగలడు.

ఇళ్లలో నిలిచిన ఆచారాలు కూడా ఈ దిశనే చూపుతాయి. యాత్రికుడు ఇల్లు చేరాక, మూత బిగించిన గంగచెంబును పూజించి, బంధువులకూ ఇరుగుపొరుగుకూ అన్నం పెట్టి, కాశీదారాలు పంచేంతవరకు యాత్ర ముగిసినట్టు కాదు. దీనిని కాశీసమారాధన అంటారు. వీటన్నిటిలోకి కాశీలోనో గయలోనో ఇష్టమైన ఒక కాయనూ ఒక పండునూ విడిచిపెట్టి రావడమన్న ఆచారం విలక్షణమైనది. వదలవలసినవి కామక్రోధాలు గాని వంకాయలు కావని పండితులు దీనిని తేలిక చేస్తుంటారు. కాని కోపం వదిలానని చెప్పేవాడిని పరీక్షించడం కష్టం, వంకాయ వదిలినవాడిని మాత్రం ప్రతి భోజనమూ పరీక్షిస్తుంది. గంగ ఒడ్డున ఒక్క క్షణంలో చెప్పిన మాట ఇంటి విస్తరి ముందు ఏళ్ల తరబడి నిలబడవలసి వస్తుంది. ఎన్నడూ ముట్టని కాయను ఏరుకుని వదిలేవారూ ఉన్నారు, వారి సంగతి విడిచిపెట్టవచ్చు. ఆ నియమాన్ని రోజూ గుర్తుంచుకుని వేరే కూర వండే పని సాధారణంగా యాత్రకు వెళ్లని కోడలి మీద పడుతుంది. ఆ పుణ్యంలో ఆమె వాటా ఎంతో లెక్క కట్టినవారు అరుదు.