బావురుపిల్లికి పాపం లేదు

మన సభల్లో కూచున్నా, మన కరపత్రాలు చదివినా ఒక పోలిక పదే పదే వినపడుద్ది. మన మీద దాడి చేసినోళ్ళని గద్దలంటాం, నక్కలంటాం, తోడేళ్ళంటాం. మనల్ని మనం కోడిపిల్లలంటాం. కడుపు మండి అనే మాట అది. ఆ మంట నాకు తెలుసు. కానీ ఆ పోలిక ఎవరికి మేలు చేస్తోందో ఒకసారి ఆగి చూడాలి. కోళ్ళు పెంచిన ఇంట్లో పుట్టినోణ్ణి కాబట్టి కోడికీ పిల్లికీ మధ్య జరిగేదేందో నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు.

మా పల్లె రేపల్లెకి దిగువన, మురుగుకాలవ గట్టు మీద ఉంది. పల్లెలో కోళ్ళు ఆడోళ్ళ ఆస్తి. పొలం కామందుది. కూలి డబ్బులు మగోడి జేబులోకి పోతయ్. పెట్ట మాత్రం అమ్మది. గుడ్లమ్మి నాకు నోటుబుక్కులు కొంది. పుంజునమ్మి పదో తరగతి పరీక్ష ఫీజు కట్టింది. రేపల్లె నుంచి తెనాలి కాలేజీకి రైలు పాసు తీసింది కూడా ఆ కోళ్ళ డబ్బుల్తోనే. మా వంశంలో మొదటి డిగ్రీ వెనకాల ఎన్ని పెట్టలు పొదిగినయ్యో లెక్క లేదు. నాకు ఉద్యోగం వచ్చినా అమ్మ కోళ్ళని వదల్లేదు. ఎవర్నీ చెయ్యి చాచి అడగకుండా వచ్చే రూపాయి అది.

కోడిని ఏది కొట్టిందో చచ్చిన కోడిని చూసి మా అమ్మ చెప్పుద్ది. పట్టపగలు పిల్ల మాయమైతే గద్ద, కాదంటే కాకి. గుడ్లు పెంకుతో సహా పోతే పాము. మెడ కొరికి ఒళ్ళు గూట్లోనే వదిలేస్తే ముంగిస. చీల్చి వాకిలంతా ఈకలు చిమ్మితే ఊరకుక్క. కోడిని ఎత్తుకుపోయి గట్టు దాకా ఈకల దారి వదిలితే బావురుపిల్లి. ఈ చదువు ఏ బళ్ళోనూ చెప్పరు. ఏళ్ళ తరబడి పోగొట్టుకున్నోళ్ళకే వచ్చుద్ది.

బావురుపిల్లి ఇంటిపిల్లికి రెండింతలుంటది. ఒంటి మీద నల్ల మచ్చలు, పొట్టి తోక. దాని అసలు తిండి చేపలు. కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవుల్లో, తుంగ పెరిగిన మురుగుకాలవల పక్కన, చేపల చెరువుల గట్ల మీద తిరుగుద్ది. మడ కొట్టి చెరువులు తవ్వేకొద్దీ దానికి చోటు తగ్గింది. దొరికితే ఎలకని తినుద్ది, కోడినీ పట్టుద్ది.

2023 నవంబరులో ఒక వాన రాత్రి అది మా ఇంటికొచ్చింది. గూటికి వెనకవైపు తుప్పుపట్టిన రేకుని విరిచింది. గూట్లో తొమ్మిది పెట్టలు, ఒక పుంజు ఉన్నయ్. తెల్లారేసరికి ఏడు గూట్లోనే చచ్చి పడున్నయ్. ఒక పెట్ట లేదు. రెండు చూరెక్కి బతికినయ్. కాలవ గట్టు దాకా ఈకలు. బురదలో ఇంటిపిల్లి అడుగుకి రెండింతలున్న అడుగులు. మా అమ్మ ఏడవలేదు. ఒకటే మాట అడిగింది. “దాని కడుపుకి ఒక్కటి చాలు గదా. మిగతా ఏడింటిని ఎందుకు చంపినట్టు?”

ఆ రోజు పల్లెలో మూడు రకాల మాటలు నడిచినయ్. కుర్రోళ్ళు చచ్చిన కోడికి పురుగుమందు పూసి గట్టు మీద పెడదామన్నారు. పొలం పనికి పిలవడానికొచ్చిన కామందు గూటి వంక చూసి, “ఏమే, గూడు సరిగ్గా మూసుకోవాలిగా. పిల్లి బుద్ధి తెలిసి కూడా అట్టా వదిలేస్తే ఎట్టా?” అన్నాడు. ఒక డిగ్రీ కుర్రోడు మాత్రం నవ్వి, “బావురుపిల్లిని చంపితే కనీసం మూడేళ్ళు జైలంట సార్. మనల్ని చంపితేనో?” అన్నాడు.

ముందు అమ్మ అడిగిన దానికి జవాబు చెప్పాలి. కడుపు నిండాక కూడా చంపడం మృగాల్లో ఉంది. 1972లో హాన్స్ క్రూక్ అనే జంతుశాస్త్రజ్ఞుడు దీని మీద ఒక వ్యాసం రాశాడు. కటిక చీకటి రాత్రుళ్ళు సముద్రపక్షులు నేల మీద నుంచి లేవలేకపోతే నక్కలు పదులకొద్దీ చంపి, తినకుండా వదిలేసిన సంగతి అందులో ఉంది. మామూలుగా వేటాడే మృగం ఒకదాన్ని పట్టేసరికి మిగతావి ఎగిరిపోతయ్. వేట అక్కడితో ఆగుద్ది. తప్పించుకునే దారి లేనిచోట ఎదురుగా రెక్క కొట్టుకునే ప్రతిదీ దాని పంటిని మళ్ళీ లేపుద్ది. మూసిన గూడు అట్టాంటి చోటే. పిల్లికి మా అమ్మ మీద పగ లేదు. ఏడింటిని చంపాలని అది అనుకోలేదు. ఆపాలని దానికి తెలియదు. ఆపగలిగీ ఆపనోడిదే పాపం. ఆపడమంటే ఏందో తెలియని జీవానికి పాపం ఎక్కడిది?

ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఆ కోళ్ళని మేమూ కోస్తాం. క్రిస్మస్‌కి కోస్తాం, చుట్టమొస్తే కోస్తాం. కోడి వైపు నుంచి చూస్తే పిల్లికీ మాకూ పెద్ద తేడా లేదు. మా బాధ కోడి ప్రాణం కోసం కాదు, అమ్మ కష్టం కోసం. కాబట్టి పిల్లిని దుర్మార్గురాలని తిట్టే హక్కు మాకు లేదు. గూడు బాగుచేసుకునే అవసరం మాత్రం ఉంది.

అయితే అంతా ప్రకృతేనా? కాదు. మెరక మీద, ఊరి నడిబొడ్డున ఉన్న ఇళ్ళకి బావురుపిల్లి ఎందుకు పోదు? తుంగ దాటగానే దానికి ముందు తగిలేది మా పల్లె. మా తాతల్ని పల్లంలో, మురుగుకాలవ పక్కన పెట్టింది పిల్లి కాదు. 2020లో పల్లెల్లో ప్రభుత్వమిచ్చిన ఇంటి పట్టా సెంటున్నర. అంటే 72 చదరపు గజాలు. మనిషికే కాలు చాపుకునే చోటు లేకపోతే కోడికి గట్టి గూడు ఎక్కడ కట్టేది? పిల్లి కోడిని చంపడం ప్రకృతి. ఎవరి కోడి ముందు చావాలో నిర్ణయించింది కులం. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే ఎవర్ని ఏమడగాలో మనకి తెలియదు.

ఇప్పుడు చుండూరు సంగతి. తెనాలి నుంచి బాపట్లకి రైల్లో పోతుంటే దారిలో వచ్చే ఊరే. సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు తగిలిందన్న గొడవ సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వేటాడి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లోనూ కాలవలోనూ పడేశారు. ఏ మృగమైనా శవాన్ని గోనెసంచిలో కుక్కుద్దా? సాక్ష్యం దొరక్కూడదనుకునేవాడికే సంచి కావాలి. చేసింది నేరమని తెలిసినోడే దాన్ని దాస్తాడు. వాళ్ళని తోడేళ్ళంటే ఆ తెలివినీ, ఆ ముందు చూపునీ, ఆపగలిగీ ఆపకపోవడాన్నీ మనమే మాఫీ చేసినట్టు.

పోలిక చేసే అసలు హాని కామందు మాటలో ఉంది. దాడి చేసేవాడు మృగమైతే జాగ్రత్తపడాల్సింది కోడే. గూడు మూసుకోవాలి. పొద్దుగూకితే బయట తిరగకూడదు. చుండూరు తర్వాత మన పిల్లలకి ఊళ్ళో చెప్పిన బుద్ధులు ఇవేగా? సినిమాకి ఎందుకు పోవాలి, ఇస్త్రీ చొక్కా ఎందుకు, ఎదురు మాట ఎందుకు అన్నారు. పెద్దచేప చిన్నచేపని మింగడం లోకం తీరని పాత పుస్తకాలు చెప్పినయ్. మనం గద్ద, కోడిపిల్ల అన్న ప్రతిసారీ ఆ తీరుకే మనవైపు నుంచి ఒక సాక్షి దొరుకుతున్నాడు.

ప్రభువు హేరోదుని నక్క అన్నాడు గదా అని మా సంఘంలో ఒక పెద్దాయన అడిగాడు. లూకా సువార్త 13వ అధ్యాయంలో నక్కా ఉంది, పిల్లల్ని రెక్కల కిందికి పిలిచే కోడీ ఉంది. నిజమే. కానీ యోహాను తల నరికించింది నక్క కాదయ్యా, సింహాసనం మీద కూచున్న హేరోదు.

ఇక ఆ డిగ్రీ కుర్రోడి నవ్వు. బావురుపిల్లి 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. మనకి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టముంది. చుండూరు కేసులో 2007 జులై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నేరం రుజువు కాలేదని అందర్నీ వదిలేసింది. ఆ నవ్వులో చేదు న్యాయమైందే. కానీ పిల్లికున్న చట్టం మన దగ్గర్నుంచి గుంజుకున్నది కాదు. దానికి ఎసరు పెడితే మన కేసు గెలవదు. దానికి కాపలా కాసేవాళ్ళూ, మనకి న్యాయం దాటేసేవాళ్ళూ ఎవరో అడగాల్సింది అక్కడ.

మనం కోళ్ళం కూడా కాదు. చుండూరు జనం చచ్చిపోయినోళ్ళని ఊరి నడుమ పూడ్చి ఆ చోటుని రక్తక్షేత్రమన్నారు. కోర్టుని తమ ఊరికే రప్పించుకున్నారు. ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పారు. కోడి ఈ పని చెయ్యదు. కారంచేడులో 1985 జులై 17న జరిగింది కూడా ఏ గొర్రెల మంద మీదో కాదు, చెరువు నీళ్ళు మురికి చెయ్యొద్దని అడిగిన మనుషుల మీద జరిగిన దాడి. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక కారంచేడు, చుండూరు రెండూ దాంట్లోకే వచ్చినయ్. ఆ జిల్లాలో బడికొచ్చే పిల్లలకి ఈ రెండు ఊళ్ళని పులీ మేకా కథగా చెప్పకూడదు.

మా అమ్మ కుర్రోళ్ళని పురుగుమందు పెట్టనివ్వలేదు. “పిల్లి ఒక్కటే తినుద్దా? కుక్కలు తింటయ్, పసోళ్ళు ముట్టుకుంటరు,” అంది. రేపల్లె నుంచి సన్న కంతల ఇనప మెష్ తెప్పించింది. గూటి చుట్టూ జానెడు లోతున పాతించింది. అడుగున బండలు పరిపించింది. పిల్లితో లెక్క అక్కడికి సరిపోయింది. ఆ కామందు ఇంకోసారి వచ్చినప్పుడు మాత్రం గూటి సంగతి ఎత్తకుండా, కాలవ గట్టు మీద పల్లెకి మెరక తోలడానికి పంచాయతీలో తీర్మానం ఎందుకు పెట్టలేదని అడిగింది. జవాబు రాలేదు. మళ్ళీ అడుగుతానంటోంది.

కరపత్రాలు రాసే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఇకనుంచి గద్ద అని రాయబోయేచోట ఆ మనిషి పేరు రాయండి, చేసిన పని రాయండి, తేదీ రాయండి. మెష్ కట్టి ఊరుకోవడం పిల్లి దగ్గర సరిపోద్ది. మనిషి దగ్గర సరిపోదు, వాడు జవాబు చెప్పాలి.