దేవునికి దగ్గరవుతూ ఇంటికి దూరమైతే

ఆధ్యాత్మికంగా ఎదగడం అంటే ఏమిటి? మన గూడేల్లో ప్రార్థనకు వెళ్లే యువతీ యువకులు ఈ ప్రశ్న తరచుగా అడుగుతుంటారు. రోజుకు ఎన్ని అధ్యాయాలు చదవాలి, వారానికి ఎన్ని పూటలు ఉపవాసం ఉండాలి, ఎంతసేపు మోకరించాలి అని కూడా అడుగుతారు. నేను కోయవాణ్ణి, క్రైస్తవుణ్ణి, పదిహేనేళ్లకు పైగా చిన్న పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. ఈ ప్రశ్నకు జవాబు నాకు ఏ ప్రసంగంలోనూ దొరకలేదు. 2010 వేసవిలో, హైదరాబాదు నాచారంలో, మా అమ్మ కంటి చుక్కల మందు సీసా దగ్గర దొరికింది.

ములుగు, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే మన వాళ్లకు హైదరాబాదు అంటే ముందుగా ఉప్పలే. వరంగల్ బస్సు అక్కడికి చేరగానే సంచీలు భుజాన వేసుకుని దిగుతాం. అప్పటికి మెట్రో రైలు లేదు. అది 2017లో వచ్చింది. ఉప్పల్ నుంచి నాచారం దగ్గరే. అక్కడ పారిశ్రామిక వాడలో కంపెనీ పనులు దొరికేవి. చిన్న చిన్న ప్రైవేటు బడులు కూడా చాలా ఉండేవి. టీటీసీ పూర్తి చేసి డీఎస్సీ కోసం చదువుతూ నేను అలాంటి ఒక బడిలో చేరాను. మన వైపు కుర్రాళ్లు ముగ్గురితో కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాను.

ఆ ఊరిలో నన్ను నిలబెట్టింది ప్రార్థనే. ఈ మాట దాచకుండా చెప్పాలి. ఊరు కాని ఊరిలో, జీతం చాలని రోజుల్లో, సాయంత్రం పూట మద్యం దుకాణం వైపు కాకుండా ప్రార్థన గది వైపు నడిచాను. తెల్లవారుజామున లేవడం నేర్చుకున్నాను. మా ఇంట్లో పుస్తకం పట్టిన మొదటి తరం నాది. అంత పెద్ద గ్రంథాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవగలనన్న ధైర్యం నాకు బైబిలు వల్లే వచ్చింది. అరవై ఆరు పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. గోడకు ఒక పట్టిక అంటించి, చదివిన ప్రతి అధ్యాయానికీ టిక్కు పెట్టేవాణ్ణి. బుధవారం బైబిలు స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన. దశమభాగం ఒక్క నెల కూడా తప్పలేదు. ఆ పట్టిక చూసుకుని నేను ఎదుగుతున్నానని నమ్మాను.

ఆ వేసవిలో అమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. తమ్ముడు ఆమెను ఉప్పల్ దాకా తెచ్చి నాకు అప్పగించి వెళ్లాడు. మెహదీపట్నం దగ్గరి సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో ఒక కంటికి ఆపరేషన్ అయింది. గదికి తీసుకొచ్చాక, ఆమె చీర కొంగున ముడివేసుకున్న చిన్న పొట్లం చూశాను. ఆ ఏడాది మేడారం జాతర నుంచి తెచ్చుకున్న పసుపు కుంకుమ అది. "ఇది ఈ గదిలో వద్దమ్మా, ప్రార్థనకు మా వాళ్లు వస్తారు" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. పొట్లాన్ని రవికెలోకి దోపుకుంది. ఆ సాయంత్రం మేం గదిలో పాటలు పాడుతుంటే ఆమె కంటికి గంత కట్టుకుని బయట మెట్ల మీద కూర్చుంది. మేం ఆ రోజు మా అమ్మ కన్ను బాగుపడాలనే ప్రార్థన చేశాం.

ఆసుపత్రి వాళ్లు రెండు రకాల చుక్కలు ఇచ్చారు. ఒకటి రోజుకు ఆరు సార్లు, మరొకటి నాలుగు సార్లు వేయాలి. అమ్మకు తనంతట తాను వేసుకోవడం రాదు. గదిలోని కుర్రాళ్లు షిఫ్టులకు పోయేవాళ్లు. అది బడికి సెలవుల కాలం కాబట్టి ఆ పని నాదే. అయినా ఆ బుధవారం నేను నాలుగింటికే స్టడీకి బయలుదేరాను. తిరిగి వచ్చేసరికి తొమ్మిది దాటుతుందని నాకు తెలుసు.

ఆనాటి పాఠం మార్కు సువార్త ఏడో అధ్యాయం. అందులో యేసు కొర్బాను గురించి మాట్లాడతాడు. కొర్బాను అంటే దేవునికి అర్పించినది. ఆ కాలంలో ఒక మనిషి తన సొమ్మును దేవునికి మొక్కాను అని ప్రకటిస్తే, ముసలి తల్లిదండ్రులు ఆ సొమ్ములోంచి సాయం అడగడానికి వీల్లేకుండా పోయేది. తల్లినీ తండ్రినీ గౌరవించమని దేవుడే ఆజ్ఞ ఇచ్చాడు. ఆ ఆజ్ఞను తప్పించుకోవడానికి దేవుని పేరునే అడ్డం పెట్టుకుంటున్నారని యేసు వాళ్లను గట్టిగా నిలదీశాడు. ఆ మాటలు అంతకుముందు కనీసం రెండుసార్లు చదివి టిక్కు పెట్టాను. అవి పరిసయ్యుల గురించి అనుకున్నాను.

పాఠం అయ్యాక, ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేసే పెద్దమ్మ నన్ను పలకరించింది. "మీ అమ్మకు ఆపరేషన్ అయిందంటివి గద బాబూ. ఇప్పుడు మందు ఎవరు వేస్తున్నరు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మందు వేసే మనిషి ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

గదికి పరుగెత్తుకు వచ్చాను. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కన్ను ఎర్రబడింది. "ఇంతసేపు ఎందుకు చెప్పలేదమ్మా, ఫోన్ చేయించలేకపోయావా?" అన్నాను. "దేవుని కాడికే పోయినవ్ గద బిడ్డా, ఎట్ల పిలవాలె?" అంది. మర్నాడు ఆసుపత్రిలో, మందు వేళకు వేయకపోతే కన్ను దక్కదని గట్టిగా చెప్పారు. కన్ను దక్కింది. కానీ అమ్మ అన్న ఆ మాట నన్ను వదల్లేదు. నా భక్తికి ఆమె అడ్డం రాకూడదనుకుంది. నా భక్తి ఆమెకు అడ్డం వస్తోందని నేను చూడలేదు.

ఇక్కడ ఒక ఉపాధ్యాయుడిగా ఆలోచిస్తాను. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లవాడు కొట్లో చిల్లర లెక్క తప్పితే, వాడికి లెక్కలు వచ్చాయని మనం అంటామా? తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమంలో మనం చూసేది ఎన్ని పాఠాలు పూర్తయ్యాయన్నది కాదు, పిల్లవాడు చూడని వాక్యాన్ని చదవగలుగుతున్నాడా లేదా అన్నది. నా గోడ మీది పట్టిక పూర్తయిన పాఠాల లెక్క మాత్రమే. నేను చదవాల్సిన వాక్యం మెట్ల మీద కూర్చుని ఉంది. నాకు చదవడం రాలేదు.

అంటే పట్టికలు, ఉపవాసాలు, కంఠస్థం పనికిరావని కాదు. ఎక్కాలు రాని పిల్లవాడికి చిల్లర లెక్క అసలే రాదు. ఏడో అధ్యాయం వంతు ఆ బుధవారం వచ్చింది కాబట్టే నాకు దెబ్బ తగిలింది. నచ్చిన వాగ్దానాలే ఏరుకుని చదివి ఉంటే అది నా ముందుకు వచ్చేది కాదు. వాక్యబోధ అనేది ఓపికతో చేయాల్సిన పని. ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో సెయింట్ జాన్స్ సెమినరీ ఉంది. అక్కడ గురువులు కాబోయేవాళ్లు తత్వశాస్త్రం, వేదాంతం ఏళ్ల తరబడి చదువుతారు. మనం రెండు ప్రసంగాలు విని ఇంటివాళ్ల మీద తీర్పు చెప్పేస్తాం.

దీనికి ఒక ఎదురు ప్రశ్న ఉంది. మన పిల్లలు అడుగుతారు కూడా. "సార్, తనను వెంబడించేవాడు తల్లినీ తండ్రినీ కూడా విడిచి రావాలని యేసే అన్నాడు కదా?" నిజమే, లూకా సువార్తలో ఆ కఠినమైన మాట ఉంది. దాన్ని పలచన చేయకూడదు. కానీ ఆ మాట విన్న శిష్యులు విడిచిపెట్టింది తమ రక్షణను, తమ పేరును, చివరికి ప్రాణాన్ని. ఖర్చు వాళ్లది. నా విషయంలో ఖర్చు పెట్టింది మా అమ్మ, పుణ్యం రాసుకున్నది నేను. ఆ మాట చెప్పిన యేసే సిలువ మీద ఉన్నప్పుడు తన తల్లిని చూసుకొమ్మని శిష్యుడికి అప్పగించాడని యోహాను రాశాడు. అంత నొప్పిలోనూ ఆయనకు అమ్మ గుర్తుంది. నాకు బైబిలు స్టడీలో గుర్తు రాలేదు.

కాబట్టి ఒక తేడా గమనించాలి. మనస్సాక్షి ఒప్పని పనికి దూరంగా ఉండటం ఒకటి, మనిషికి దూరంగా ఉండటం ఇంకొకటి. నేను ఈనాటికీ కొలుపులో మొక్కను. వేల్పుకు ఇచ్చిన మాంసం తినను. ఆ సంగతి ముందే చెబుతాను. అయినా పందిరికి గుంజలు పాతడానికి వెళ్తాను, నీళ్లు మోస్తాను, చావు జరిగితే పాడె పడతాను, పెద్దల పక్కన కూర్చుంటాను. పండుగ నాడు అమ్మ నా కోసం వేరుగా పప్పు వండి పెడుతుంది. ఆమె నమ్మకాన్ని నేను నా గదిలోకి రానివ్వలేదు, ఆమె మాత్రం నా నమ్మకానికి వేరే కుండ పెట్టింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఎదిగారో మీరే చెప్పండి.

మనకు ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో షెడ్యూల్డ్ కులాలకు మతం షరతు పెట్టారు, షెడ్యూల్డ్ తెగలకు పెట్టలేదు. ఏ దేవుణ్ణి కొలిచినా కోయ కోయగానే ఉంటాడు, లంబాడీ లంబాడీగానే ఉంటాడు. చట్టం తెంచని బంధాన్ని మన చేతులతో మనమే ఎందుకు తెంచుకోవాలి?

మనకు దగ్గరలోని డోర్నకల్‌కు 1912లో వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో మొదటి బిషప్ ఆయనే. అక్కడి పెద్ద చర్చి 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది. మన నేలలోని గుడి, మసీదుల కట్టుబడి రీతులు దానిలో కనిపిస్తాయి. 1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన విదేశీ మిషనరీల ముందు నిలబడి, మీ త్యాగాలను కాదనం, కానీ మాకు కావలసింది స్నేహం అనే అర్థం వచ్చేలా మాట్లాడారు. పై నుంచి ఇచ్చే చేయి వేరు, పక్కన కూర్చునే మనిషి వేరు అని ఆయన బాధ. పట్నం వాళ్లు మనల్ని తక్కువగా చూస్తారని మనం బాధపడతాం. అదే చూపుతో, రక్షణ పొందానన్న ధీమాతో, మన అమ్మలనూ మామలనూ మనమే చూస్తే ఏమనాలి?

దుమ్ముగూడెంలో పనిచేసిన జాన్ కెయిన్ అనే మిషనరీ 19వ శతాబ్దంలోనే లూకా సువార్తను కోయ భాషలోకి తెచ్చారు. ఎక్కడినుంచో వచ్చిన మనిషి మన మాట నేర్చుకున్నాడు. నేనేమో నాచారంలో అమ్మతో కోయలో మాట్లాడటానికి గొంతు తగ్గించేవాణ్ణి. ఆ రాత్రి మందు వేసి, కళ్లు మూసుకుని పడుకోమని చెప్పి, కొర్బాను సంగతిని కోయలో కథలా చెప్పాను. అమ్మ విని, "మంచి మాటే చెప్పిండు గద ఆయన" అంది. అంతకుముందు రెండేళ్లలో నేను ఆమెకు చేసిన బోధ ఏదీ ఆమెను ఆ మాట అనిపించలేదు.

యువ మిత్రులారా, నేను పాటిస్తున్న మూడు పద్ధతులు చెబుతాను. ఒకటి, వచనం కాదు, మొత్తం అధ్యాయం చదవండి. మనకు నచ్చని మాట కూడా మన ముందుకు రావాలి. రెండు, ప్రార్థన ముగించేముందు ఒక మనిషి పేరు, ఆ రోజు ఆ మనిషికి చేయాల్సిన ఒక పని చెప్పుకోండి. మూడు, ఏడాదికోసారి లెక్క చూసుకోండి. భక్తి వల్ల ఎవరికి దగ్గరయ్యాను, ఎవరికి దూరమయ్యాను? దూరమైనవాళ్లంతా మన కంటే పేదవాళ్లు, ముసలివాళ్లు అయితే, ఆ ఎదుగుదలను అనుమానించండి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మత బోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. అది సరైనదే. తరగతిలో నా బైబిలు సంచిలోనే ఉంటుంది. తెలుగు రాని కోయ పిల్లవాడు నాలుగోసారి అదే తప్పు చేసినప్పుడు నా గొంతు ఎలా ఉంటుందో, అదే నా భక్తికి పరీక్ష. ఆ పరీక్షలో నేను ఇప్పటికీ కొన్ని రోజులు తప్పుతుంటాను.

అమ్మ రెండో కంటికి మరుసటి ఏడాది ఆపరేషన్ అయింది. పసుపు పొట్లంతోనే వచ్చింది, దాన్ని నా బైబిలు పెట్టే అల్మారాలోనే పెట్టుకోమన్నాను. మందు వేసే వేళలు పాత పట్టిక ఉన్న చోట రాసి అంటించాను. ఆ నెలంతా టిక్కులు వాటికే పెట్టాను.