కురచ చేసిన బోగీ అబద్ధమాడుతుందా?

ప్రతిరూపం అసలుకి ఎంతవరకు కట్టుబడి ఉండాలి? విగ్రహాల గురించీ చిత్రాల గురించీ మాటల గురించీ వేల ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఇది. దీన్ని కొలబద్ద పెట్టి పరీక్షించే వీలున్న చోటు ఒకటుంది. అది అమెరికాలో మోడల్ రైల్వే కట్టేవాళ్ల బల్ల. అక్కడ ఎక్కువమంది వాడే స్కేలు హెచ్‌ఓ. అసలు రైలులో 87.1 అడుగులున్నది నమూనాలో 1 అడుగు అవుతుంది. 20వ శతాబ్దం మధ్యలో ఆ దేశపు పెద్ద రైళ్లకు తగిలించిన 85 అడుగుల ఉక్కు బోగీ ఈ లెక్కన సుమారు 11.7 అంగుళాలు. చాలామంది తమ నమూనా రైల్వే మొదలుపెట్టేది 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న ప్లైవుడ్ షీటు మీద. రైలు దానిమీద చుట్టు తిరిగి రావాలంటే వంపు వ్యాసార్ధం 18 అంగుళాలు, మహా అయితే 22. పూర్తి పొడవు బోగీలకు మాత్రం తయారీదారులు తరచు 24 అంగుళాలైనా కావాలంటారు. 24 అంగుళాల వంపు వేస్తే పట్టాల నడిమి గీత సరిగ్గా షీటు అంచు మీదికి వస్తుంది, బయటి పట్టాకి చోటే ఉండదు. అందుకే కురచ బోగీల కోసం వెతుకుతారు. ఏథర్న్ కంపెనీ దశాబ్దాలపాటు అమ్మిన స్ట్రీమ్‌లైన్డ్ బోగీలు 72 అడుగుల లెక్కకి చేసినవే. అసలు బోగీ 85 అడుగులని తెలిసీ 72 చేయడం అబద్ధం కాదా అన్నది ఇక్కడి ప్రశ్న. కాదనే నా వాదన. నమూనా నిజాయితీ అంకెలు సరిపోవడంలో లేదు. అసలు వస్తువు ఏ సంబంధాల వల్ల ఆ వస్తువైందో వాటిని కాపాడటంలోనూ, ఏది వదులుకున్నామో దాచకపోవడంలోనూ ఉంది.

ముందు వంపు మీద ఏం జరుగుతుందో చూడాలి. బోగీ కింద రెండు కొసల దగ్గర రెండు చక్రాల చట్రాలుంటాయి. అమెరికాలో వాటిని ట్రక్కులంటారు. వంపులో పట్టాలను అంటిపెట్టుకుని నడిచేవి ట్రక్కులే. వాటి మీద కూర్చున్న పెట్టె మాత్రం తిన్నని కర్ర, వంగలేదు. కాబట్టి నడుము వంపు లోపలికి జరుగుతుంది, కొసలు బయటికి పొడుచుకొస్తాయి. 85 అడుగుల బోగీకి ట్రక్కుల మధ్య దూరం 59 అడుగుల 6 అంగుళాలు. హెచ్‌ఓ స్కేల్లో 18 అంగుళాల వంపు మీద దాని నడుము సుమారు 12 మిల్లీమీటర్లు లోపలికి జరిగితే, కొసలు కూడా దాదాపు అంతే బయటికి వస్తాయి. ఆ స్కేల్లో పట్టాల మధ్య దూరమే 16.5 మిల్లీమీటర్లు. అంటే వంపులో బోగీ నడుము పట్టాలను వదిలి పక్కకు వెళ్లిపోయినట్టే కనిపిస్తుంది; పక్క లైనులో రైలుంటే దాన్ని గీరుతుంది, సొరంగం ముఖానికి తగులుతుంది. ఈ జరుగుడు పొడవుతో పాటు కాక పొడవు వర్గంతో పెరుగుతుంది. కొలతలన్నీ అదే నిష్పత్తిలో తగ్గించి 60 అడుగుల బోగీ చేస్తే జరుగుడు సగానికి సగం పడిపోతుంది. 72 అడుగులకు తగ్గించినా పాతిక శాతం పైగా తగ్గుతుంది. కొద్దిగా కురచ చేస్తే ఎక్కువ మేలు జరగడానికి కారణం ఇదే.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. 18 అంగుళాల వంపుని అసలు రైలు కొలతలోకి మారిస్తే 130 అడుగుల వ్యాసార్ధం. అమెరికా రైల్వేల్లో 10 డిగ్రీల వంపంటే కొండల్లో కనిపించే పదునైన వంపు. దాని వ్యాసార్ధమే 574 అడుగులు. అది హెచ్‌ఓలో 79 అంగుళాలవుతుంది, చుట్టు తిప్పితే గది వెడల్పు 13 అడుగులు దాటాలి. అసలు మైలుని స్కేలు ప్రకారం వేస్తే 60 అడుగుల పైచిలుకు; అంత దూరం ఎవరింట్లోనూ ఉండదు, కాబట్టి ఊరికీ ఊరికీ మధ్య మైళ్లు అడుగులైపోతాయి. పాత నమూనాల్లో విరివిగా వాడిన కోడ్ 100 పట్టా ఎత్తు 0.1 అంగుళం, అసలు కొలతలో 8.7 అంగుళాలు, పెద్ద లైన్ల మీది బరువైన పట్టాల కంటే ఎత్తు. చక్రాల వెడల్పు అసలుకి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, లేకపోతే అవి పట్టాల మీద నిలవవు. 1949 నుంచి 1970 వరకు షికాగో, ఓక్లాండ్‌ల మధ్య నడిచిన కాలిఫోర్నియా జెఫర్ రైలుకి పైన గాజు గోపురముండే ఐదు డోమ్ బోగీలతో కలిపి పదకొండు బోగీలనుకుంటే, నమూనాలో అది పదిన్నర అడుగులు దాటుతుంది. 8 అడుగుల షీటు మీద దాని తలా తోకా ఒకదాన్నొకటి తరుముకుంటాయి. వంపు, దూరం, పట్టా, చక్రం, రైలు పొడవు అన్నీ సర్దుకున్న లోకంలో బోగీ ఒక్కటే సర్దుకోకూడదనడానికి కారణం చెప్పాలి. కొలత పవిత్రమైతే అన్నింటికీ పవిత్రం కావాలి. కాకపోతే, ఏది కాపాడాలో ఏది వదలవచ్చో వివేకంతో తేల్చుకోవాలి.

ఈ వివేకాన్ని అనుమానించిన మహానుభావుడు ప్లేటో. సోఫిస్ట్ అనే సంభాషణలో ఎలియా నుంచి వచ్చిన అతిథి పాత్ర అనుకరణను రెండు తెగలుగా విడదీస్తుంది. ఒకటి అసలు నిష్పత్తులను ఉన్నవున్నట్టు నిలిపేది. రెండోది చూసేవాడి కంటికి సరిగా కనిపించేలా నిష్పత్తులను మార్చేది. పెద్ద విగ్రహాలు చేసే శిల్పులు కింద నుంచి చూసేవాళ్ల కోసం పై భాగాలను పెంచి చెక్కుతారనీ, అది అందంగా కనిపించినా నిజమైన పోలిక కాదనీ అతిథి అంటాడు. కురచ బోగీ మీద ఇంతకంటే బలమైన ఆక్షేపణ లేదు: ఇది రెండో తెగది, కంటిని మెప్పించే మాయ. అయితే అదే ప్లేటో క్రాటిలస్ అనే మరో సంభాషణలో సోక్రటీస్ చేత ఇంకో మాట అనిపించాడు. ఒక దేవుడు క్రాటిలస్ రంగూ రూపమే కాక కదలిక, ప్రాణం, ఆలోచన కూడా దించేస్తే అక్కడుండేది క్రాటిలస్, అతని ప్రతిరూపం కాదు, ఇద్దరు క్రాటిలస్‌లు. అంటే ప్రతిరూపం ప్రతిరూపం కావాలంటే అసలులోని కొన్ని అందులో ఉండకూడదు. తేడా దాని లోపం కాదు, దాని ఉనికికే షరతు. మన ఆలంకారికులు ఉపమ గురించి చెప్పిందీ ఇదే: రెండింటికీ భేదం ఉండి సాధర్మ్యం ఉంటేనే పోలిక. ఏ తేడా తగినదన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది.

సోఫిస్ట్ ఆక్షేపణకు జవాబు ఆ సంభాషణ లోపలే ఉంది. ప్లేటో వేట శిల్పుల మీద కాదు. తెలియంది తెలిసినట్టు కనిపించి ఎదుటివాణ్ణి నమ్మించేవాడి మీద. మోసం ఎక్కడుంటుందంటే, రూపాన్ని మార్చి, మార్చలేదని చెప్పే చోట. 72 అడుగుల బోగీని అది కురచదని చెప్పి అమ్మితే, కొన్నవాడికి అది తెలిస్తే, నమ్మించి ముంచిందేమీ లేదు. పైగా పూర్తి పొడవు బోగీని 18 అంగుళాల వంపు మీద పెట్టడమే నిజమనుకుంటే ఒక చిక్కొస్తుంది. ఏ బోగీ అయినా పట్టాలతో కలిసే రైలవుతుంది. కొలతల్లో తప్పులేని బోగీ, ఏ పెద్ద రైలూ తిరగని వంపులో నడుము పట్టాల పక్కకు నెట్టుకుని వెళ్తుంటే, బోగీ గురించి నిజం చెప్పి రైలు గురించి అబద్ధం చెప్పినట్టు. కురచ బోగీ తన గురించి కొంత తగ్గించి చెప్పి, రైలు వంపులో పట్టాలకు ఒదిగి ఎలా సాగుతుందో సరిగా చెబుతుంది. నిజం విడి ముక్కలో కంటే ముక్కల పొందికలో ఎక్కువుంటుంది.

పొందిక అన్న మాట పట్టుకుని ఎంతైనా కుదించవచ్చా? 85ని 72 చేసినవాళ్లు 50 ఎందుకు చేయకూడదు? ఈ జారుడు మెట్టు ఆక్షేపణకు మన శిల్పశాస్త్రం మంచి జవాబిస్తుంది. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో చిత్రకళకు ఆరు అంగాలు చెప్పాడు. అందులో ప్రమాణం, సాదృశ్యం రెండూ వేరువేరుగా ఉన్నాయి. కొలత ఒక్కటే పోలికైతే రెండోది చెప్పాల్సిన పనిలేదు. విగ్రహాలు చెక్కే తాళమానం ఇంకా ముందుకెళ్తుంది. అందులో కొలత ప్రమాణం బయటి గజం కాదు, విగ్రహం ముఖమే. ఆ ముఖాన్ని ఒక తాళంగా తీసుకుని దేవతలకు నవతాళం, దశతాళం, వినాయకుడికి పంచతాళం అంటారు. మారేది తాళాల సంఖ్య, తాళం మాత్రం చెదరదు. ఇదే సూత్రం బోగీకి పెట్టి చూడండి. కూర్చునే బోగీ పక్క గోడ అంటే కిటికీ, దాని వెంట సీటు, మళ్లీ కిటికీ. ఒకే కొలత వరసగా తిరగడం. అది బోగీకి తాళం. కురచ బోగీలో ప్రతి కిటికీ అసలు వెడల్పుతో ఉంది, మధ్య స్తంభం అసలుదే, పైకప్పు ఎత్తూ ఎక్కే ద్వారమూ ట్రక్కూ అసలువే. వరసలో రెండు మూడు కిటికీలు మాత్రం తగ్గాయి. కన్ను కిటికీ ఆకారాన్ని వెంటనే గుర్తుపడుతుంది గానీ వరసలో ఎన్నున్నాయో లెక్కపెట్టదు. జాగ్రత్తగా చేసిన కురచ బోగీ పక్కన నిలబడ్డప్పుడు అసలు రైలు గుర్తొచ్చేది ఇందుకే.

అదే సూత్రం హద్దు కూడా గీస్తుంది. యూరప్ తయారీదారులు చాలాకాలం వేరే దారి పట్టారు. అక్కడి 26.4 మీటర్ల బోగీ 1:87లో 303 మిల్లీమీటర్లు కావాలి. ఎత్తు, వెడల్పు 1:87లోనే ఉంచి పొడవుకి మాత్రం 1:100 పెట్టి 264కి తెచ్చారు. అక్కడ కిటికీల లెక్క అలాగే ఉంది గానీ తాళమే నలిగింది: ప్రతి కిటికీ ఇరుకైంది, ప్రతి తలుపూ సన్నబడింది. రెండింట్లో అమెరికా పద్ధతే మేలని నా అభిప్రాయం. వరసలో కొన్ని వదలడం కంటే ప్రతిదాన్నీ కొంచెం వంచడం పెద్ద తప్పు. అయితే తాళం తిరగని బోగీలూ ఉన్నాయి. అమెరికాలో 10-6 స్లీపర్ అంటే పది చిన్న గదులూ ఆరు పెద్ద పడక గదులూ ఉన్న బోగీ. దాని పేరే దాని లెక్క. పక్క గోడ మీద ఏ కిటికీ ఏ గదిదో చూసి చెప్పవచ్చు. దాన్ని కురచ చేసి నాలుగు గదులు తీసేస్తే మిగిలేది 10-6 కాదు. భోజనాల బోగీలో వంటగది ఒకవైపు, బల్లలు ఇంకోవైపు. బల్లల వరసలో ఒకటి తగ్గించవచ్చు, వంటగదిని సగానికి కోయలేరు. కాబట్టి హద్దు అడుగుల్లో లేదు. తిరిగి తిరిగి వచ్చేదాన్ని తగ్గించవచ్చు. ఒక్కసారే వచ్చేదాన్ని తాకకూడదు.

ఇక్కడ ఇంకా కఠినంగా ఆలోచించేవారు ఒక దారి చూపిస్తారు: కుదించడమెందుకు, అసలులోనే కురచగా ఉన్న బోగీలు తెచ్చుకోండి. అవి నిజంగానే ఉన్నాయి. యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ రైల్వేలు వ్యాపారవేత్త హ్యారిమన్ చేతిలో ఉన్నప్పుడు వచ్చిన ప్రామాణిక నమూనాల్లో 60 అడుగుల బోగీలు ఉన్నాయి. ఇంకా గొప్ప ఉదాహరణ కాలిఫోర్నియాలోని సియెర్రా రైల్వే. దాని ఏంజెల్స్ శాఖలో వంపులు పదునుగా ఉండేవి. మామూలు బోగీలు అక్కడ తిరగలేకపోయేవి. 1902లో శాన్ ఫ్రాన్సిస్కోలోని హోల్మన్ కంపెనీ ఆ శాఖ కోసమే 5, 6 నంబర్ల పొట్టి బోగీలు కట్టింది. అవి ఇప్పటికీ జేమ్స్‌టౌన్‌లోని రైల్‌టౌన్ 1897 పార్కులో ఉన్నాయి. ఈ దారిని నేను మనసారా గౌరవిస్తాను. 18 అంగుళాల వంపు మీద అంతకంటే నిర్దోషమైన రైలు లేదు. కానీ ఇది కుదింపుకి వ్యతిరేక సాక్ష్యం కాదు, అనుకూల సాక్ష్యం. అసలు రైల్వే ఇంజనీరే కొండ వంపు ముందు బోగీని కురచ చేశాడు. చోటు శాసిస్తే రూపం ఒదగడం రైలు స్వభావంలోనే ఉంది. అదే పని బల్ల మీద చేసినవాడు రైల్వే ధర్మాన్ని తప్పినవాడు కాడు. పైగా కాలిఫోర్నియా జెఫర్‌ని ప్రేమించినవాడికి సియెర్రా పొట్టి బోగీ చూపి సరిపెట్టుకోమనడం, చోటు లేనివాడు ఆ రైలుని స్మరించే హక్కు కూడా వదులుకోవాలనడమే.

చోటు ఉన్నవాడి సంగతి వేరు. క్లబ్బు హాలులో నాలుగు అడుగుల పైన వ్యాసార్ధం వేయగలిగినవారు పూర్తి పొడవు బోగీలే నడపాలి. వారికి కురచ బోగీ అక్కరలేని అసత్యం అవుతుంది. ఈ మినహాయింపు నా వాదనను బలహీనపరచదు. అవసరం ఉన్నంత మేరకే తగ్గించాలి, తిరిగివచ్చే కొలతనే తగ్గించాలి, తగ్గించానని చెప్పాలి అన్నవి మూడూ కలిస్తేనే కుదింపు సమర్థనీయం. అవసరం తీరితే మొదటి షరతు పోతుంది, దానితో సమర్థన కూడా పోతుంది. చిన్న రైలు గురించి ఇంత తర్కం ఎందుకని ఎవరైనా అనవచ్చు. ఎందుకంటే ఈ మూడు షరతులూ రైలుకు మాత్రమే చెల్లేవి కావు. ఎనభై ఏళ్ల జీవితాన్ని రెండు వందల పుటల్లో చెప్పే జీవితచరిత్రకారుడు, దేశాన్ని కాగితం మీద గీసేవాడు, వెయ్యేళ్ల చరిత్రను పాఠం చేసేవాడు అందరూ కురచ బోగీలే కడుతున్నారు. అన్నీ చెప్పలేదని వారిని తప్పుపట్టడం అన్యాయం. ఒక్కసారే జరిగిన ఘట్టాన్ని కత్తిరించారా, మామూలు రోజుల్ని తగ్గించారా, తగ్గించిన సంగతి దాచారా అని అడగడం న్యాయం. 72 అడుగుల బోగీని ఆ ప్రశ్నలతో పరీక్షించినవాడు మిగతా ప్రతిరూపాలనూ అలాగే పరీక్షించగలడు.